చదువు బిళ్ళ



పోయిన కోత పండుగ నాడు ఆరాధన ముగిశాక, అందరం మందిరం పక్కన వేపచెట్టు కింద భోజనాలకు కూర్చున్నాం. మా సంఘంలోని ఒక సహోదరి విస్తరి పట్టుకొని మా పక్కకు జరిగింది. అటూ ఇటూ చూసి, మెల్లగా అడిగింది. "వదినా, మీ చిన్నోడికి చదువు బిళ్ళ వేస్తున్నారంటగా! దాని పేరేందో చీటీ మీద రాసియ్యి. మా వాడికీ తెప్పిస్తా. రెండో తరగతికి వచ్చాడు, ఒక్క అక్షరం అంటట్లేదు."

ఆమె మీద మాకు కోపం రాలేదు. 'చదువు బిళ్ళ' అన్న మాటను ఊళ్ళోకి వదిలింది మేమే. ఆ ఒక్క మాట మా మేనల్లుణ్ణి ఆసుపత్రి మంచం ఎక్కించింది. ఆ సంగతి బంధువులకు సగం తెలుసు, సంఘంలో పావు తెలుసు. సగం తెలిసిన సంగతి ఎంత చేటు చేస్తుందో మేం చూశాం గనుక, మొత్తం చెప్పడమే మేలని ఇద్దరం అనుకున్నాం. మేం భార్యాభర్తలం. ఒకరు చెబుతుంటే ఒకరు రాస్తున్నాం.

మాది శావల్యాపురం. కొద్దిపాటి పొలం, మిరపా పత్తీ. మాకు ఇద్దరు పిల్లలు. పెద్దది కుదురైన పిల్ల. 2013లో పుట్టిన చిన్నోడు నడక వచ్చిన దగ్గర నుంచి నడవలేదు, పరుగెత్తాడు. అన్నం తినేటప్పుడు రెండు ముద్దలకొకసారి లేచేవాడు. సండే స్కూల్లో పాట మొదలవగానే అందరికంటే ముందు అందుకొనేవాడు, పాట సగంలో ఉండగానే బయట కుక్కపిల్ల దగ్గర ఉండేవాడు. పలక, బలపం, చెప్పులు, సంచి, ఏదో ఒకటి రోజూ పోగొట్టేవాడు. "మగపిల్లాడు, అట్టాగే ఉంటాడు" అని నాయనమ్మ నవ్వేది, మేమూ నవ్వేవాళ్ళం.

వాడికి ఏడో ఏడు వచ్చాక నవ్వు ఆగిపోయింది. ఒకనాడు గొర్రెపిల్ల వెంట రైలు కట్ట మీదికి ఎక్కాడు. వినుకొండ వైపు నుంచి గూడ్సు వస్తోంది. గేటు దగ్గర ఉన్న ఒకాయన పరుగెత్తి చెయ్యి పట్టి లాగాడు. ఇంటికి తీసుకొచ్చాక మాలో తండ్రి అయినవాడు వాణ్ణి ఎద్దుల ముల్లుకర్రతో కొట్టాడు. వాడు ఏడుస్తూ ఒకటే మాట అన్నాడు: "నాకు తెలియకుండానే కాళ్ళు పోయినయి నాన్నా." ఆ రోజు ఆ మాట మాకు అబద్ధంగా వినపడింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఇద్దరికీ నిద్ర పట్టదు.

కరోనా తరువాత 2021 ఆగస్టులో బడులు తిరిగి తెరిచారు. వాడు మూడో తరగతి. నెల తిరగకముందే బడి నుంచి కబురు. లెక్క మొదలుపెడతాడు, రెండో వరుసలో వదిలేస్తాడు. పక్కవాడి పుస్తకంలో గీస్తాడు. ప్రశ్న పూర్తికాకముందే జవాబు అరుస్తాడు. ఆ జవాబు చాలాసార్లు సరైనదే. మమ్మల్ని తికమక పెట్టింది కూడా అదే. తెలివి తక్కువైన బిడ్డ కాదు. మరి ఎందుకిలా?

ఇరుగుపొరుగు వారు తలా ఒక మాట అన్నారు. గాలి సోకిందన్నారు కొందరు, తాయెత్తు కట్టించమన్నారు. ఊరు కాని ఊరి నుంచి వచ్చిన ఒకాయన నూనె రాసి, నెత్తిన చెయ్యి పెట్టి గంటసేపు గట్టిగా ప్రార్థించాడు. బిడ్డ ఆ గంటలో భయపడి వణికాడు, అంతకు మించి ఏమీ జరగలేదు. "తల్లిదండ్రుల విశ్వాసం చాలలేదు" అని ఆయన వెళ్ళేటప్పుడు చెప్పిన మాట మాత్రం చాలా రోజులు మా గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. మా సంఘ కాపరి అయ్యగారు ఆ మాట విని, "లూకా వైద్యుడు గదమ్మా. ఆయన రాసిన సువార్త బల్ల మీద పెట్టుకొని వైద్యుడి దగ్గరకు వెళ్ళొద్దని ఎట్టా చెబుతాం? మీరు గుంటూరు వెళ్ళండి, ప్రార్థన మేం చేస్తుంటాం" అన్నారు. రైలు చార్జీలకని ఐదు వందలు చేతిలో పెట్టారు కూడా.

అప్పటికి మాది గుంటూరు జిల్లాయే. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా వచ్చింది. కానీ పిల్లల మనసుకు సంబంధించిన వైద్యం కావాలంటే అప్పుడూ ఇప్పుడూ మేం ఎక్కేది గుంటూరు బండే. తెల్లవారుజామున లేచి, నరసరావుపేట మీదుగా వెళ్ళే ప్యాసింజరులో పోయాం. దారి పొడుగునా వాడు ప్రతి స్టేషను పేరూ అరిచి చదివాడు.

డాక్టరమ్మ వెంటనే చీటీ రాస్తుందనుకున్నాం. రాయలేదు. రెండు గంటలు మమ్మల్ని ప్రశ్నలడిగింది. కాన్పు ఎట్లా అయింది, ఫిట్సు వచ్చాయా, నిద్ర ఎట్లా పోతాడు, కొడతారా. ఆఖరి ప్రశ్నకు మేం తల దించుకున్నాం. చెవులు వినపడుతున్నాయో లేదో, చూపు సరిగా ఉందో లేదో పరీక్ష చేయించింది. రక్తం తీయించింది. మాకొక కాగితం, బడిలో ఉపాధ్యాయునికొక కాగితం ఇచ్చి నింపి తెమ్మంది. ఇంట్లో ఒక్కచోటే అల్లరి అయితే అది ఇంటి సంగతి, బడిలో ఒక్కచోటే అయితే బడి సంగతి. రెండుచోట్లా ఉండాలి, కనీసం ఆరు నెలలుగా ఉండాలి, పన్నెండేళ్ళ లోపే మొదలై ఉండాలి. అప్పుడుగాని ఆ జబ్బు పేరు పెట్టకూడదని చెప్పింది. ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఏ.డి.హెచ్.డి. తెలుగులో చెప్పాలంటే ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం. లోకమంతటా చూస్తే బడి ఈడు పిల్లల్లో నూటికి ఇంచుమించు ఐదుగురికి ఉంటుందట.

"నాకు తెలియకుండానే కాళ్ళు పోయినయి" అన్న మాట ఆమెకు చెప్పాం. ఆమె కలం కింద పెట్టి, "అదేనండీ జబ్బు. మీ అబ్బాయి మీకంటే బాగా చెప్పాడు" అంది.

మొదటి మూడు నెలలు మందు లేదు. మాకే పాఠం. పది పనులు ఒకేసారి చెప్పకూడదు, ఒకటి చెప్పి అది అయ్యాక రెండోది. దూరం నుంచి కేకెయ్యకూడదు, దగ్గరకు వెళ్ళి కళ్ళల్లోకి చూసి చెప్పాలి. చేసిన మంచిని వెంటనే మెచ్చుకోవాలి. ముందు వరుసలో కూర్చోబెట్టమని బడికి ఉత్తరం. ముల్లుకర్ర ఎద్దులకే. ఇవన్నీ చేశాం, ఇంట్లో సగం గొడవ తగ్గింది. బడిలో మాత్రం తగ్గలేదు. అక్షరాలు గీతల మీద నిలవలేదు. నెలకొకసారి ఎవరో ఒకరి చేత తన్నులు తినేవాడు. "నేను మంచోణ్ణి కాదు గదమ్మా?" అని ఒక రాత్రి అడిగాడు. మర్నాడే మళ్ళీ గుంటూరు బయలుదేరాం.

అప్పుడు రాసింది మందు. పేరు మిథైల్‌ఫెనిడేట్. రాసేముందు గుండె చప్పుడు విని, రక్తపోటు చూసి, మా రెండు కుటుంబాల్లో చిన్న వయసులో ఉన్నట్టుండి కుప్పకూలి చనిపోయినవారు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఎత్తు, బరువు రాసుకుంది. పొద్దున టిఫిను తరువాత 5 మిల్లీగ్రాములతో మొదలు.

ఇది నిద్రమాత్ర కాదు. పిల్లాణ్ణి మత్తులో పడేసి కూర్చోబెట్టేదీ కాదు. నిజానికి ఇది ఉత్తేజం కలిగించే మందుల జాతిది. పరుగెత్తే వాడికి ఇంకా ఉత్తేజమా అని మేం తెల్లబోయాం. ఆమె పొలం మాటల్లో చెప్పింది. మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే రసాయనాలుంటాయి, డోపమీన్, నార్‌ఎడ్రినలిన్ అని. వదిలిన వెంటనే వాటిని కణాలు వెనక్కి పీల్చుకుంటాయి. 'ఆగు, చూడు, తరువాత చెయ్యి' అని చెప్పే భాగానికి అవి సరిగా అందవు, కాలువ చివరి భూములకు సాగరు నీళ్ళు అందనట్టు. ఈ మందు ఆ పీల్చుకోవడాన్ని కొంతసేపు ఆపుతుంది. నీళ్ళు చివరిదాకా పోతాయి. నాలుగు గంటలయ్యాక మందు దిగిపోతుంది, కాలువ మళ్ళీ మామూలే. జబ్బును నయం చేసే మందు కాదు. కళ్ళద్దాల వంటిది, పెట్టుకున్నంతసేపే.

ఈ జాతి మందుల కథ కూడా ఆమె ద్వారానే తెలిసింది. అది కూడా బిడ్డ కోసం ఏడ్చిన ఒక ఇంటి నుంచే మొదలైంది. అమెరికాలో రోడ్ ఐలండ్ అనే చిన్న రాష్ట్రంలో బ్రాడ్లీ అనే కుటుంబంలో ఎమ్మా అనే పాపకు మెదడువాపు వచ్చి మనిషి దెబ్బతింది. తల్లిదండ్రులు తమ ఆస్తిని అటువంటి పిల్లల కోసం వదిలి వెళ్ళారు. 1931లో ఆ పాప పేరిట పిల్లల ఆసుపత్రి తెరిచారు. అక్కడ పనిచేసిన డాక్టర్ చార్లెస్ బ్రాడ్లీ ఒక పరీక్ష తరువాత పిల్లలకు వచ్చే తలనొప్పి తగ్గుతుందేమోనని బెంజిడ్రిన్ అనే ఉత్తేజపు మందు ఇచ్చి చూశాడు. తలనొప్పి సంగతి ఏమో గాని, కొందరు పిల్లలు బడిలో కుదురుగా కూర్చుని లెక్కలు చేయడం మొదలుపెట్టారు. 30 మంది పిల్లలకు ఇచ్చి చూసిన ఫలితాన్ని ఆయన 1937లో అచ్చువేశాడు. వారిలో 14 మంది చదువులో బాగా మెరుగయ్యారు. పిల్లలు దానికి తామే ఒక పేరు పెట్టుకున్నారట: లెక్కల బిళ్ళలు.

మిథైల్‌ఫెనిడేట్ తరువాతిది. 1944లో స్విట్జర్లాండులో సీబా కంపెనీలో పనిచేసే లియాండ్రో పానిజోన్ తయారు చేశాడు. భార్య మార్గరీట్‌ను ఇంట్లో రీటా అని పిలిచేవాడు, ఆమె పేరు మీదుగా మందుకు రిటాలిన్ అని పేరు పెట్టాడు. ఇది విని మా ఇద్దరిలో ఒకరు, "చూశావా, వాళ్ళాయన మందుకు పెళ్ళాం పేరు పెట్టాడు, నువ్వు కనీసం దూడకైనా పెట్టలేదు" అన్నారు. ఎవరన్నారో రాయడం లేదు.

మొదటి రోజున అద్భుతమేమీ జరగలేదు. రెండో వారంలో బడి నుంచి తెచ్చిన కాపీ పుస్తకం చూశాం. ఒక పేజీ మొదటి గీత నుంచి చివరి గీత దాకా నిండి ఉంది. అక్షరాలు గీత మీద కూర్చున్నాయి. ఆ పేజీ మా దగ్గర ఇంకా ఉంది. నెలన్నరకు ఒక పాట అయ్యేదాకా సండే స్కూల్లో కూర్చున్నాడు, తరువాతే కుక్కపిల్ల దగ్గరకు వెళ్ళాడు.

దానికి చెల్లించిన వెల కూడా చెప్పాలి. మధ్యాహ్నం ఆకలి పోయింది. బడిలో పెట్టే కోడిగుడ్డు సంచిలోనే ఇంటికి వచ్చేది. రెండు నెలల్లో కిలోన్నర తగ్గాడు. సాయంత్రం మందు దిగే వేళకు ఊరకే ఏడుపు, ఊరకే కోపం. రాత్రి పదకొండైనా నిద్ర లేదు. మేం భయపడి నాలుగు రోజులు మందు ఆపేసి, డాక్టరమ్మకు ఫోను చేశాం. ఆమె కోప్పడలేదు. మందు ఎక్కకముందు పొద్దున్నే కడుపునిండా పెట్టమంది, మందు దిగాక రాత్రి ఎనిమిదింటికి మళ్ళీ పెట్టమంది. మధ్యాహ్నం రెండో బిళ్ళ ఎప్పుడూ ఆలస్యంగా ఇవ్వకూడదంది. వేసవి సెలవుల్లో మందు ఆపి చూద్దామంది. ఎత్తు ఆరు నెలలకొకసారి కొలవాలంది. అమెరికాలో 579 మంది పిల్లల మీద జరిగిన పెద్ద పరిశోధన ఒకటుంది. 1999లో దాని ఫలితం వచ్చింది. పద్నాలుగు నెలలు శ్రద్ధగా మందు ఇచ్చిన పిల్లల్లో ఏకాగ్రత బాగా మెరుగైంది. తరువాత వాళ్ళను ఇంకా కొన్నేళ్ళు గమనిస్తే, విడవకుండా వాడినవారు మిగిలినవారి కంటే సుమారు 2 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారు. మూడేళ్ళు తిరిగేసరికి మందుతో మొదలుపెట్టినవారికీ మిగిలినవారికీ మధ్య తేడా కూడా చాలావరకు కలిసిపోయింది. అంటే మందు ఒక్కటే బిడ్డను ఒడ్డుకు చేర్చదు. అప్పటి నుంచి మా తలుపు చెక్క మీద గీతలున్నాయి. ప్రతి గీత పక్కన తేదీ.

ఈ మందు ఊళ్ళోని దుకాణంలో దొరకదు. మన దేశంలో దీన్ని షెడ్యూల్ ఎక్స్‌లో పెట్టారు. డబ్బా మీద ఎర్ర అక్షరాల గుర్తు ఉంటుంది. వైద్యుడు చీటీ రెండు ప్రతులు రాయాలి, ఒకటి దుకాణదారు తీసుకొని రెండేళ్ళు దాచాలి. ప్రత్యేక లైసెన్సు ఉన్న దుకాణమే అమ్మాలి, తాళం వేసి ఉంచాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం జాబితాలో కూడా దీని పేరుంది. నెలకొకసారి గుంటూరు వెళ్ళి, లెక్కపెట్టి ఇచ్చిన బిళ్ళలు తెచ్చుకొనేవాళ్ళం. టెక్సాస్‌లో ఉన్న మా బంధువు ఒకాయన, "ఇంత తిప్పలెందుకు, ఇక్కడ మా వీధిలోనే నలుగురు పిల్లలు వాడుతున్నారు, వేరే రకం ఉంది, పంపిస్తా" అన్నాడు. అది యాంఫిటమిన్ జాతిది. డాక్టరమ్మ ఆ మాట విని నిలువునా వద్దంది. మన దేశంలో ఆ మందుకు అనుమతి లేదు, పార్సిలు పట్టుబడితే జైలు మాటే అంది.

చట్టం అన్ని తాళాలు వేసింది. ఆఖరి తాళం మేం వెయ్యాల్సింది, మేం వెయ్యలేదు.

పల్నాటి రైతు ఇల్లు మాది. పురుగుమందు డబ్బాలు ఇనప పెట్టెలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకొని తిరుగుతాం. ఎందుకో ఈ పాఠకులకు చెప్పనక్కరలేదు. ప్రతి ఊరికీ ఒక పేరు గుర్తుంటుంది. అటువంటి మేము, ఈ బిళ్ళల షీట్లను మాత్రం టీవీ పక్కన అలమారలో, బైబిలు పక్కన, కనపడేటట్టు పెట్టాం. పొద్దున మరిచిపోకుండా ఉండటానికని.

రెండో తప్పు మాట తప్పు. బంధువులు "ఏం మందు వాడుతున్నారు?" అని అడిగేవారు. మెదడు, మానసిక వైద్యం అంటే రేపు ఆడపిల్ల పెళ్ళికి కూడా అడ్డం వస్తుందని భయం. ఏ.డి.హెచ్.డి. అంటే వివరించే ఓపిక లేదు. "ఏం లేదులే, చదువు బిళ్ళలు" అనేవాళ్ళం. అందరూ నమ్మారు. కొందరు మెచ్చుకున్నారు కూడా.

2023 సంక్రాంతికి మా ఆడపడుచు వాళ్ళు వచ్చారు. వాళ్ళబ్బాయి, మా మేనల్లుడు, ఇంటరు రెండో సంవత్సరం. హాస్టల్లో ఉండి చదువుతున్నాడు, డాక్టరు సీటు పరీక్షకు. పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదకొండింటి దాకా చదువే. వారం వారం పరీక్ష, వారం వారం ర్యాంకు, గోడకు అంటిస్తారు. మూడు రోజులున్నాడు, సరిగా నవ్వలేదు. వెళ్ళేటప్పుడు మా కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఆ తరువాత చూసుకుంటే ఒక షీటు తగ్గింది. మేమే లెక్క తప్పామనుకున్నాం. చిన్నోడే ఎక్కడో పారేసి ఉంటాడని వాణ్ణి కసిరాం. వాడు "నేను తియ్యలేదు" అంటే నమ్మలేదు. ఇది రెండోసారి వాడి నిజం మాకు అబద్ధంగా వినపడటం.

ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున ఆడపడుచు ఫోను. అబ్బాయి గుండె దడదడలాడుతోందని, చేతులు వణుకుతున్నాయని, ఎవరో గోడ అవతల నుంచి తన ర్యాంకు చదువుతున్నారని అంటున్నాడని, ఆసుపత్రికి తీసుకొచ్చారని. మేం చేరేసరికి నాడి నిమిషానికి 130 దాటి ఉంది. మూడు రాత్రులు నిద్రపోలేదట. ఏం తిన్నావు, ఏం తాగావు అని డాక్టర్లు అడుగుతుంటే చెప్పడు. మాలో తల్లి అయిన ఆమెకు ఆ షీటు గుర్తుకొచ్చింది. మంచం పక్కన కూర్చుని, "బంగారం, మా అలమారలో బిళ్ళలు తీశావా?" అని అడిగింది.

వాడు చెప్పాడు. మొదట ఒకటి వేసుకుంటే రాత్రంతా మెలకువగా చదివాడు. ఎంతో వచ్చేసినట్టు అనిపించింది. మర్నాడు రెండు. పెద్ద పరీక్ష ముందు రాత్రి నాలుగు, పైన కాఫీలు. స్నేహితుడికి కూడా రెండిచ్చాడు. దేవుని దయ వల్ల ఆ బిడ్డకు ఏమీ కాలేదు.

"ఎందుకు తీశావురా?" అని వాళ్ళమ్మ గుండెలు బాదుకుంది. వాడు మా వైపు చూసి, "చదువు బిళ్ళ అన్నారుగా అత్తా, విషం అనలేదుగా" అన్నాడు.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. రెండు రోజుల్లో వాడు తేరుకున్నాడు, మూడో రోజుకు ఆ గోడ అవతలి గొంతు కూడా పోయింది. ఆడపడుచు మాత్రం ఆ ఏడు క్రిస్మస్ దాకా మా గడప తొక్కలేదు. ఆమెది తప్పని మేం ఎన్నడూ అనుకోలేదు.

మేం వెళ్ళి డాక్టరమ్మకు మొత్తం చెప్పాం. లెక్క తగ్గిన రోజే ఎందుకు ఫోను చెయ్యలేదని అడిగింది. ఒక్కటే అడిగింది, అది చాలింది. తరువాత విడమరిచింది. జబ్బు ఉన్నవాడికి, కొలిచి, కొద్దికొద్దిగా పెంచుతూ, గుండె చూస్తూ ఇస్తే ఇది మందు. జబ్బు లేనివాడు నిద్ర మానుకోవడానికి మింగితే అదే బిళ్ళ నాడిని పరుగెత్తిస్తుంది, రక్తపోటు పెంచుతుంది, ఒక్కోసారి లేని మాటలు వినిపిస్తుంది, అలవాటు కూడా అవుతుంది. ఇంతా చేసి తెలివి పెరుగుతుందా అంటే, అదీ లేదు. 2023 జూన్‌లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వారు ఒక పరిశోధన అచ్చువేశారు. జబ్బు లేని 40 మందికి ఇటువంటి మందులిచ్చి, బరువు మించకుండా సంచిలో ఎక్కువ విలువైన సామాను సర్దే లెక్కలు చేయించారు. మందు వేసుకున్నవాళ్ళు ఎక్కువసేపు ప్రయాసపడ్డారు, ఎక్కువ కదిలించారు, కాని ఆ ప్రయాసలో నాణ్యత తగ్గింది. మందు లేనప్పుడు బాగా చేసినవాళ్ళు మందుతో వెనకబడ్డారు. మా మేనల్లుడు ఈ సంగతి చదివి, "ఆ రాత్రి నేను చదివింది పొద్దున ఒక్కటీ గుర్తులేదు మామయ్యా, గుర్తున్నట్టు మాత్రం అనిపించింది" అన్నాడు.

అదే ఏడు మే నెలలో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ ఈ జాతి మందులన్నిటి పెట్టెల మీదా హెచ్చరిక మార్చి రాయించింది. దుర్వినియోగం, అలవాటు, ప్రాణాపాయం గురించి. ఈ మందులు దారి తప్పేది చాలావరకు కుటుంబంలోనూ స్నేహితుల మధ్యనూ పంచుకోవడం వల్లనేనని అందులో చెప్పారు. దొంగలూ ముఠాలూ కాదు, అలమారలూ అత్తగారిళ్ళూ.

అంత జరిగాక చిన్నోడికి మందు మానేద్దామా అని మేం ఇద్దరం చాలా రాత్రులు తగవుపడ్డాం. ఒకరు ఆ డబ్బా ఇంట్లో ఉండటానికి వీల్లేదన్నారు. ఇంకొకరు ఆ కాపీ పుస్తకం పేజీ తెచ్చి ముందు పెట్టారు. ఉత్తేజం లేని వేరే మందు కూడా ఉంది, అటామాక్సెటిన్ అని. వారాల తరబడి వాడితేగాని పని మొదలుపెట్టదు, ఎవరూ దొంగిలించి మింగేటంత మోజు దానికి లేదు. దాన్ని కొన్నాళ్ళు చూశాం. మా వాడికి కడుపులో తిప్పి సరిపడలేదు, మళ్ళీ పాతదానికే వచ్చాం. వేరే పిల్లలకు అదే సరిపడవచ్చు.

ఇప్పుడు వాడికి పన్నెండు దాటాయి. బడి రోజుల్లోనే వేస్తాం, సెలవుల్లో లేదు. ఏటా వేసవిలో ఆపి, జూన్‌లో అవసరం ఉందా లేదా అని మళ్ళీ చూపిస్తాం. పోయినసారి మోతాదు పెంచలేదు. లెక్కలు బాగా వచ్చు, తెలుగు రాత ఇంకా వంకరే. ఎత్తు తరగతిలో మధ్యరకం. బిళ్ళలు ఇనప పెట్టెలో ఉంటాయి, పురుగుమందు పెట్టె కాదు, దాని పక్కన ఇంకొకటి కొన్నాం. ఆదివారం సాయంత్రం లెక్కపెట్టి గోడకున్న క్యాలెండరు మీద అంకె వేస్తాం. వాడి మందు పేరు వాడికి చెప్పాం, జబ్బు పేరు కూడా చెప్పాం. మొదటిసారి విన్నప్పుడు కాసేపు ఆలోచించి, "అయితే నేను చెడ్డోణ్ణి కాదన్నమాట" అన్నాడు. ఇంత చిన్న మాట చెప్పడానికి మేం ఎందుకు అన్నేళ్ళు సిగ్గుపడ్డామో తెలియదు. మేనల్లుడు డాక్టరు కాలేదు, వ్యవసాయం చదువుతున్నాడు. పోయిన సంక్రాంతికి వచ్చి మా మిరప తోట చూసి నాలుగు సలహాలు ఇచ్చాడు, రెండు పనికొచ్చాయి.

వేపచెట్టు కింద అడిగిన సహోదరికి ఆ రోజు చీటీ రాసివ్వలేదు. "పేరు చెబుతా గాని వదినా, ముందు నువ్వు ఈ కథ విను" అని, ఇక్కడ రాసినదంతా చెప్పాం. అన్నం చల్లారిపోయింది. తరువాత చెయ్యాల్సింది చెప్పాం. బడికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్ళు వస్తారు, 2013 నుంచి ఉంది, పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లలను ఖర్చు లేకుండా పరీక్ష చేస్తారు, ఏకాగ్రత లోపం కూడా వాళ్ళ జాబితాలో ఉంది. మనసు బాగాలేక ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే 14416 నంబరుకు ఫోను చెయ్యవచ్చు, టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, తెలుగులోనే మాట్లాడతారు.

ఆమె పిల్లాణ్ణి పరీక్ష చేయించింది. వాడికి ఏకాగ్రత లోపం లేదు. రెండు చెవుల్లోనూ చీము. ఎప్పటి నుంచో కారుతుంటే కొబ్బరినూనె పోస్తూ వచ్చారు. కుడిచెవి దాదాపు వినపడటం లేదు, ఎడమది సగం. టీచరు చెప్పిన అక్షరం వాడికి చేరడమే లేదు. ఇప్పుడు చెవులకు మందు వాడుతున్నారు, మొదటి బల్ల మీద ఎడమచెవి టీచరు వైపు ఉండేటట్టు కూర్చుంటున్నాడు. మొన్న ఆదివారం సండే స్కూల్లో వాడు మా చిన్నోడి పక్కన కూర్చున్నాడు. పాట మొదలవగానే ఇద్దరూ అందరికంటే గట్టిగా అందుకున్నారు, ఒకడు రాగం తప్పి, ఒకడు తాళం తప్పి.